లేతు మిషను మీద కొర్రీ

ఆఫీసులో ఆయన్ని కొర్రీ గారంటారు. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్న పేరొకటి ఉండేది గానీ, వాడక లేక అది మూలపడిపోయింది. బీమా కంపెనీకి నష్టపరిహారం కోరుతూ వచ్చే దరఖాస్తులను చదవడం, ఎక్కడ సందుందో కనిపెట్టడం, ఆ సందులో ఒక ప్రశ్న దూర్చి తిప్పి పంపడం ఆయన ఉద్యోగం. అలాంటి ప్రశ్ననే కొర్రీ అంటారు. వేసేవాళ్ళు చాలామంది ఉండవచ్చు కానీ, ఆయన వేసినట్టు వేయడం మరొకరి వల్ల కాదు. ఒకసారి గొడుగుల దుకాణం యజమాని, పైకప్పు కారి సరుకంతా తడిసిపోయిందని దరఖాస్తు పెట్టుకున్నాడు. “తడవడం గొడుగు చేయవలసిన పనే కదా, ఇందులో నష్టమేమిటో వివరించగలరు” అని ఈయన రాసి పంపాడు. యజమాని పోట్లాటకని బయలుదేరి, దారిలో ఆ వాక్యం మరోసారి గుర్తొచ్చి, ఆఫీసు మెట్ల మీద కూర్చుని పగలబడి నవ్వి, ఈయన చెయ్యి పట్టుకుని ఊపేసి ఇంటికెళ్ళిపోయాడు.

ఇంత గట్టి మనిషికీ ఒక బలహీనత ఉంది. ఇనప సామాన్ల దుకాణం కనిపిస్తే కాలు ముందుకు పడదు. మేకులు, మరలు, సుత్తులు, రంపాలు వరసగా వేలాడుతుంటే ఆ గుమ్మంలో నిలబడి, మిఠాయి కొట్టు ముందు చిన్నపిల్లాడిలా అరగంట గుటకలు మింగుతాడు. పని వచ్చా అంటే రాదు. ఆయన కొట్టిన మేకు గోడలోకి వెళ్ళిన దాఖలా లేదు. గోడే కాస్త వెనక్కి తగ్గినట్టు సొట్టపడుతుంది, మేకు వంగి నమస్కారం పెడుతుంది.

ఒక క్యాలెండరు తగిలించడానికి డ్రిల్లింగ్ మిషను కొన్నాడు. ఆ క్యాలెండరు ఇప్పటికీ తలుపు గొళ్ళేనికే వేలాడుతోంది. తాపీ మేస్త్రీలు వాడే రసమట్టం ఒకటి కొన్నాడు. గాజుగొట్టంలో బుడగ మధ్యలో నిలిస్తే నేల చదునుగా ఉన్నట్టు లెక్క. అది వచ్చిన రోజు ఇల్లంతా తిరిగి పెట్టి చూసి, ఇంట్లో ఏ గదీ చదునుగా లేదని తేల్చాడు. “మనమందరం ఇన్నాళ్ళూ పడమటికి ఒరిగి బతుకుతున్నాం” అని ప్రకటించాడు. ఆ తర్వాత వారం రోజుల పాటు ఆయన అత్తగారు కుర్చీలో కూర్చోవడానికే జంకింది. కూతురైతే మార్కులు తక్కువ రావడానికి కూడా అదే కారణమంది.

ఇక్కడ అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడ ఉద్యోగమంతా టెలిఫోను ఎక్స్ఛేంజిలో గడిచింది. ఎవరి తీగ ఎవరికి కలపాలో ఆవిడకు నిద్రలో కూడా తెలుసు. కూతురింటికి వచ్చి స్థిరపడ్డాక, ఇంట్లో ఏ వస్తువు కొనాలన్నా జరిగే కీచులాటలు విని విని ఒక నియమం పెట్టింది. వస్తువు కావాలన్నవాళ్ళు అది ఎందుకు వద్దో వాదించాలి. వద్దనేవాళ్ళు అది ఎందుకు కావాలో వాదించాలి. ఇద్దరూ మనసా వాచా నిజాయితీగా వాదించాలి. తీర్పు ఆవిడది. ఓడిన వస్తువును, దాన్ని అడిగిన మనిషి మళ్ళీ ఏడాది దాకా అడగకూడదు.

“మనిషికి తన గొంతు ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. అవతలి లైను కూడా ఓసారి తానే మాట్లాడి చూడాలి” అని ఆవిడ సిద్ధాంతం.

వింతగా ఉన్నా పద్ధతి బాగానే నడిచింది. బట్టలుతికే మిషను అలాగే వచ్చింది. కూతురు డ్రమ్ములు కావాలని అడిగి, ఎందుకు వద్దో చెప్పమంటే, “వాయించేది నేనే కాబట్టి అందరికంటే దగ్గర్లో ఉండేది నేనే, మొదటి తలనొప్పి నాకే” అని తన నోటితో తనే చెప్పి ఓడిపోయింది. చేతిసంచిలో పట్టే వస్తువులకు మాత్రం విచారణ అక్కర్లేదు. కొర్రీ గారి సరంజామా అంతా ఆ సందులోంచే ఇంట్లోకి వచ్చింది. ఏడాదికేడాది ఆయన సంచి పెద్దదవుతూ వచ్చింది. ఆఖరికి చెక్కనో ఇనుమునో కదలకుండా బిగించి పట్టుకునే బెంచి వైసు తెచ్చిన రోజు, సంచిని ఆయన మోశాడా, ఆయన్ని సంచి ఈడ్చుకొచ్చిందా అన్నది వీధిలో ఎవరూ చెప్పలేకపోయారు.

అలా రోజులు గడుస్తుండగా ఒకనాడు ఇంట్లో కుర్చీ కాలు విరిగింది. గుండ్రంగా, బొద్దుగా, మధ్యలో రెండు నొక్కులున్న కాలు. దాన్ని చంకలో పెట్టుకుని కొర్రీ గారు చెక్కపని చేసే పెద్దాయన దుకాణానికి వెళ్ళాడు. సందు చివర రేకుల కప్పు, లోపల ఒకే ఒక దీపం, నేల మీద పాదం మునిగేంత చెక్కపొట్టు. మధ్యలో అది ఉంది.

దాన్ని లేతు అంటారు. పోతపోసిన ఇనుముతో మంచమంత పొడుగున ఉంటుంది. ఒక కొసన మోటారు, బెల్టు. రెండో కొసన సూదిగా ఒక మొన. మధ్యలో చెక్కముక్కను బిగించి మీట వేస్తే అది గిర్రున తిరుగుతుంది. తిరిగే చెక్కకు ఉలి ఆనిస్తే పక్కలు చెక్కుకుపోయి గుండ్రనవుతుంది.

“ఈ కాలు నా చేతి పనే” అన్నాడు పెద్దాయన, విరిగినదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి. “సరిగ్గా సమయానికి తెచ్చావు బాబూ. ఆదివారం పొద్దున దుకాణం ఖాళీ చేస్తున్నా. మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నా.”

“మరి ఇది?”

“పాత ఇనుము బండివాడికి చెప్పాను. ముక్కలు చేసుకుని పట్టుకుపోతాడు.”

కొర్రీ గారు చెయ్యి చాపి ఆ ఇనుము మీద వేశాడు. “ముక్కలా?”

“ఎవరైనా వాడుకుంటానంటే వాడిచ్చేదే నాకిచ్చి తీసుకుపోవచ్చు. ఈ రోజుల్లో ఎవరికి కావాలి?” పెద్దాయన కొత్త చెక్క బిగించి, ఈయన ముఖం వంక చూశాడు. “ఏం, తిప్పి చూస్తావా?”

“నాకు పని రాదండీ.”

“తెలుసులే. కుర్చీ కాలు పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చినప్పుడే తెలిసింది. ఇదిగో, ఉలి పట్టుకో. బిగించి కాదు, పిట్టను పట్టుకున్నట్టు.”

మీట పడింది. చెక్క నలుపలకలుగా ఉన్నదల్లా పొగలా మసకబారింది. ఉలి మొదట టకటకలాడింది, దానితో పాటు ఆయన పళ్ళూ టకటకలాడాయి. ఉన్నట్టుండి ఆ టకటక ఆగిపోయి సర్రుమని నున్నటి చప్పుడొకటి మొదలైంది. ఉలి మొన మీంచి పల్చటి చెక్క రిబ్బనొకటి చుట్టలు చుట్టుకుంటూ లేచి, ఆయన ముక్కు మీంచి, కళ్ళజోడు మీంచి, నెత్తి దాటి వెనక్కి దూకింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక మరొకటి. చొక్కా జేబు నిండింది, చెవులు నిండాయి. పెద్దాయన మీట ఆపేసరికి కొర్రీ గారు ఈకలు రాల్చుకుంటున్న కోడిలా ఉన్నాడు. ఇంటికి వెళ్ళే దారిలో రెండుసార్లు తప్పు మలుపు తిరిగాడు. పెద్దాయన చేసిచ్చిన కొత్త కుర్చీ కాలు అక్కడే మరిచిపోయి, మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రమే అత్తగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “అత్తయ్యా, నాకొక వస్తువు కావాలి. సంచిలో పట్టదు.”

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంది. “ఎంత ఉంటుంది అల్లుడు గారూ?”

“మీ మంచమంత.”

శనివారం మధ్యాహ్నానికి విచారణ ఖాయమైంది. నియమం ప్రకారం లేతు వద్దని కొర్రీ గారు, కావాలని ఆయన భార్య వాదించాలి. ఆవిడ బడి వ్యాను నడుపుతుంది. హారను కొడితే మూడు వీధుల పిల్లలు బూట్లు వేసుకోవలసిందే. లేతు పెట్టడానికి ఇంట్లో ఉన్న ఒకే ఒక చోటు ఆవిడ వ్యాను నిలిపే షెడ్డు. అంటే, లేతు వస్తే అందరికంటే నష్టపోయే మనిషే లేతు తరఫున వాదించాలన్నమాట.

బుధవారం పొద్దున ఆవిడ వ్యాను కడుగుతుంటే కొర్రీ గారు బకెట్టు అందిస్తూ పక్కన చేరాడు.

“ఏమోయ్, శనివారం నువ్వు కాస్త గట్టిగా మాట్లాడాలి.”

“ఎందుకు మాట్లాడతాను? నా షెడ్డు సగం పోతుంది.”

“నిజాయితీగా వాదించాలని కదా నియమం.”

“నిజాయితీ అంటే ఆ వస్తువు మొహం నేను చూడొద్దూ? చూడకుండా ఏమని వాదిస్తాను, బంగారంలాంటి లేతు, గుణవంతురాలనా? ఆ దుకాణం ఎక్కడో చెప్పండి. రేపు పిల్లల్ని దించాక వెళ్తాను. ముందు మీరు పక్కకు జరగండి, చక్రానికి అడ్డంగా నిలబడ్డారు.”

గురువారం ఆవిడ వెళ్ళి చూసి వచ్చింది. గుమ్మంలో ఎదురుచూస్తున్న కొర్రీ గారు, “చూశావా? ఎలా ఉంది?” అని వెంటపడ్డాడు.

“ఉంది. ఇనుము” అని చెప్పి ఆవిడ తిన్నగా స్నానానికి వెళ్ళిపోయింది.

ఆయన మనసులో లెక్క వేసుకున్నాడు. ఈవిడ ఇంత చప్పగా వాదిస్తే, తను ఇంకా చప్పగా వాదిస్తే తప్ప లేతు దక్కదు. ఓడిపోవడం నేర్చుకోవాలి. ఇది అంత తేలికైన విద్య కాదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన ఒక్క వాదనా ఓడలేదు, ఓడినవాళ్ళ మొహాలు చూడటమే తప్ప ఆ మొహం పెట్టుకోవడం ఎలాగో తెలియదు. శుక్రవారం పొద్దున స్నానాలగదిలో అద్దం ముందు నిలబడి సాధన మొదలుపెట్టాడు.

“చోటు... బహుశా... చాలకపోవచ్చునేమో” అన్నాడు. మరీ గట్టిగా ఉందనిపించింది. “చోటు గురించి నేను పెద్దగా ఆలోచించలేదు లెండి” అన్నాడు. ఇది నయం.

బయటినుంచి కూతురు తలుపు కొట్టింది. “నాన్నా, లోపల ఎవరితో మాటలు?”

“ఓడిపోతున్నానమ్మా!”

“తొందరగా ఓడిపో. నాకు కాలేజీకి టైమవుతోంది.”

శనివారం మధ్యాహ్నం ముందుగదిలో అందరూ కూర్చున్నారు. అత్తగారు గొంతు సవరించుకుంది. “మొదటి లైను, మాట్లాడండి.”

కొర్రీ గారు లేచి నిలబడి, చూపు నేల మీద పెట్టి, సాధన చేసిన నీరసమంతా గొంతులోకి తెచ్చుకున్నాడు. “లేతు వద్దు. ఎందుకంటే... అంటే... చోటు గురించి నేను పెద్దగా ఆలోచించలేదు లెండి.” కూర్చున్నాడు. చాలా బాగా చేశాననుకున్నాడు. మీసాల చాటున చిన్న నవ్వు కూడా నవ్వుకున్నాడు.

“రెండో లైను.”

భార్య లేచింది. “లేతు ఉంటే ఇంట్లో కుర్చీల కాళ్ళు, బల్లల కాళ్ళు మనమే చేసుకోవచ్చు.”

“ఏ కుర్చీల కాళ్ళు?”

ఈ మాట ఎవరన్నారని గదిలో అందరూ చూశారు. కొర్రీ గారు కూడా చూశాడు. తనే.

“అంటే... ఊరికే అడిగాను” అన్నాడు కంగారుగా. కానీ నోరు ఆయన మాట వినడం మానేసింది. “ఇంట్లో గుండ్రటి కాళ్ళున్న కుర్చీ ఒక్కటే కదా. దాని కాలు బాగయి వచ్చేసింది కదా. మిగతావన్నీ మడత కుర్చీలు. మడత కుర్చీకి లేతు ఎందుకో వివరించగలరా?”

భార్య నడుము మీద చెయ్యి వేసుకుంది. “పోనీ, బీరువాకు పిడులు చేసుకుంటాం.”

“ఉన్న పిడులు ఏమయ్యాయి?”

“ఒకటి ఊడింది.”

“ఊడినది ఎక్కడుంది?”

“సొరుగులో.”

“అయితే కావలసింది జిగురు, లేతు కాదు!” కొర్రీ గారు లేచి నిలబడ్డాడు. చెవుల దగ్గర వేడెక్కింది. “తరవాత?”

“ఆఫీసులో కూర్చుని కూర్చుని మెడ పట్టేసిన మనిషికి చెయ్యి ఆడితే ఆరోగ్యం.”

“డాక్టరు రాసిచ్చాడా?”

“లేదు.”

“ఆరోగ్యం అన్నది అభిప్రాయం. ఆధారం కాదు. తరవాత?”

“వ్యాను కాస్త గోడవైపు జరిపితే షెడ్డులో చోటు సరిపోతుంది.”

“అబ్బో! గోడవైపు జరిపితే డ్రైవరు వైపు తలుపు తెరుచుకోదు. అప్పుడు డ్రైవరు వెనక పిల్లల తలుపులోంచి ఎక్కి, సీట్ల మధ్య పాక్కుంటూ ముందుకు రావాలి. రోజూ పొద్దునా సాయంత్రమూ. ఆ నడుముకు ఎవరు బాధ్యులు? చెప్పండి!”

కూతురు చప్పట్లు కొట్టింది. అత్తగారు కుర్చీలో ముందుకు జరిగింది. కొర్రీ గారికి ఇప్పుడు ఒళ్ళు తెలియడం లేదు. గదిలో ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తున్నాడు, తిరుగుతున్నాడు, వేలు ఊపుతున్నాడు. ఆఫీసులో రాయడమే తప్ప, నోటితో కొర్రీ వేసే భాగ్యం ఆయనకు ఏనాడూ కలగలేదు. ఆ రుచి ఇప్పుడే తెలిసింది. అడగని ప్రశ్నలకు కూడా జవాబులు లాగాడు. మోటారు చప్పుడుకు పక్కింటివాళ్ళ సంగతేమిటన్నాడు. చెక్కపొట్టు ఎవరు ఊడుస్తారన్నాడు. గోడ మీద వంగిన మేకు దగ్గరికి అందరి చూపూ తిప్పి, ఆఖరి అస్త్రం వదిలాడు.

“అన్నిటికన్నా ముఖ్యం! మేకు కొట్టడం రాని మనిషికి లేతు కావాలట! ఈ దరఖాస్తులో పస లేదు. పని రాదని దరఖాస్తుదారు తన నోటితో తనే ఒప్పుకున్నాడు!”

“దరఖాస్తుదారు ఎవరు నాన్నా?” అంది కూతురు.

“ఎవరైతే మనకేం! ఎవడో...” అంటూ ఆగిపోయాడు.

కొర్రీ గారి వేలు ఇంకా గాలిలోనే ఉంది. దాన్ని నెమ్మదిగా దించి, ఎక్కడ పెట్టాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు.

“ఇంత గొప్ప వాదన ఈ ఇంట్లో నేను వినలేదు నాయనా” అంది అత్తగారు, నిజంగానే కదిలిపోయి. “లేతు కొనడం లేదు.”

“అత్తయ్యా, తీర్పు మీద ఎవరికి చెప్పుకోవాలి?”

“నాకే.”

“మరి చెప్పుకుంటున్నాను...”

“కుదరదు. ఏడాది తరవాత.”

ఆ సాయంత్రం ఎవరైనా మాట్లాడిస్తే కొర్రీ గారు, “నాతో ఎందుకు, నా నోటితో మాట్లాడండి, అన్నీ అదే చూసుకుంటుంది” అన్నాడు. పొద్దున బండివాడు వస్తాడు, సుత్తితో కొడతాడు, లేతు నల్లటి మెడ విరుగుతుంది. దాన్ని విరగ్గొట్టేది బండివాడు కాదు, తనే.

ఆదివారం పొద్దున టీ దగ్గర కూర్చున్నారు. కొర్రీ గారు కప్పు పట్టుకుని దానిలోకే చూస్తున్నాడు.

భార్య అత్యంత మామూలుగా, “అమ్మా, నాకొక వస్తువు కావాలి” అంది.

“ఏమిటే?”

“లేతు.”

కొర్రీ గారి టీ సగం ముక్కులోకి వెళ్ళింది. అత్తగారు కళ్ళు చికిలించి కూతురి వంక చూసింది. ఓడిన మనిషి అడగకూడదన్నది నియమం. ఇంకో మనిషి అడగకూడదని ఎక్కడా లేదు. సందులు వెతకడమే వృత్తిగా బతికిన మనిషికి తనింట్లో ఉన్న ఇంత సందు కనపడలేదు!

“సరే” అంది అత్తగారు. “ఈసారి నువ్వు వద్దని వాదించు. అల్లుడు గారు కావాలని వాదిస్తారు. కానివ్వండి, బండివాడు వచ్చే వేళైంది.”

భార్య వేళ్ళు మడిచింది. “వద్దు. ఒకటి, కుర్చీలన్నీ మడత కుర్చీలు. రెండు, పిడికి జిగురు చాలు. మూడు, డాక్టరు రాసివ్వలేదు. నాలుగు, నా నడుము.” నిన్న ఆయన వేసిన కొర్రీలన్నీ ఒక్కటీ పొల్లు పోకుండా వరస పెట్టింది. చివర్లో గొంతు కాస్త తగ్గింది. “ఇంకొకటుంది. నిజాయితీగా చెప్పాలి కాబట్టి చెబుతున్నా. అది నాకు మంచిది కాదు. గురువారం చూడటానికని వెళ్ళి కాసేపు తిప్పాను. ఆ పెద్దాయన ‘చాలమ్మా, భోజనానికి వెళ్ళాలి’ అనేదాకా ఉలి వదల్లేదు. తల నిండా పొట్టే, మీకు కనపడకూడదని తిన్నగా స్నానానికి పరిగెత్తాను. శుక్రవారం పిల్లల్ని బడి దగ్గర దించాలా, తిన్నగా తీసుకెళ్ళి ఆ దుకాణం ముందు ఆపాను. ‘దిగండి’ అన్నాను కూడా. ఇద్దరు దిగారు.”

“అమ్మో!” అంది కూతురు.

“అందుకే వద్దంటున్నా. అది ఇంటికొస్తే నేను ఏ పనికీ పనికిరాను.”

కొర్రీ గారు భార్య వంక నోరు తెరుచుకుని చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ చెంపలు ఇంత ఎర్రబడటం ఆయన చూసింది తక్కువ. తన మీద జాలితో అడుగుతోందనుకున్నాడు. కాదు. ఈవిడకూ అదే పిచ్చి పట్టింది. ఒక్క క్షణం అసూయ కూడా కలిగింది. కాసేపు తిప్పిందట, తనకు దొరికింది చిటికెడు సమయం.

“అల్లుడు గారూ, మీ లైను.”

ఆయన లేచి నిలబడ్డాడు. కావాలని వాదించాలి. నోరు తెరిచాడు. కాదు, లేదు, ఎందుకు, ఎక్కడ, ఆధారమేది, ఈ మాటలన్నీ తోసుకుంటూ వరసలో ముందుకొచ్చి నిలబడ్డాయి. వాటి వెనక ఎక్కడైనా ఒక ‘ఔను’ ఉందేమోనని ఆయన లోపలికంతా వెతికాడు.

“ఎందుకంటే... దీనివల్ల గృహోపకరణముల...” అని మొదలుపెట్టి, ఆ వాక్యం మీద తనే కొర్రీ వేసుకుని ఆపేశాడు. “కాదు. అంటే, భవిష్యత్తులో కుర్చీ కాళ్ళు...” మళ్ళీ ఆపేశాడు. వీధి చివర బండి గంట గణగణమంది.

“నాన్నా, తొందరగా!”

“దానితో పని లేదు” అన్నాడు కొర్రీ గారు. భార్య తల పట్టుకుంది. “చోటూ లేదు. నాకు మేకు కొట్టడం రాదు, ఈవిడకూ రాదు. నిన్న నేనన్నవన్నీ నిజమే, ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. అయినా కావాలి అత్తయ్యా. ఈవిడకు కావాలి, నాకూ కావాలి. అది లేకుండా సోమవారం ఆఫీసుకు ఎలా వెళ్ళాలో నాకు తెలియడం లేదు. దయచేసి ఒప్పుకోండి.”

“ఇది వాదనా నాయనా?”

“కాదండీ. బతిమాలడం.”

అత్తగారు కూతురి వైపు తిరిగింది. “దీనికి నీ జవాబేమిటే?”

“బతిమాలితే జవాబేముంటుంది! ఏమండీ, మీ ఆఫీసులో ఇలాంటిదానికి ఏం రాస్తారు?”

కొర్రీ గారు వృత్తిధర్మంగా కాసేపు ఆలోచించాడు. “దరఖాస్తులో ఎవరైనా కారణం చూపితే కారణం మీద వేస్తాం. ఏ కారణమూ చూపకుండా కావాలంటే... ఎక్కడ వేస్తాం? ఆనడానికి చోటుండదు.”

“అయితే కొనండి” అంది అత్తగారు. “లేవండి, లేవండి! బండి మలుపు తిరుగుతోంది!”

తర్వాత జరిగింది ఎవరికీ వరసగా గుర్తులేదు. భార్య వ్యాను తాళాలు తీసింది. కూతురు వెనక సీట్ల మరలు విప్పుతానంది. ఈ ఇంట్లో మర విప్పే సాధనాలకు కరువేమిటి? కొర్రీ గారు గంపెడు స్పానర్లు తెచ్చి కుమ్మరించాడు. అన్నీ కొత్తవే. ఏది ఏ మరకు పడుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి అన్నీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూశారు. సీట్లు ఊడాయి. వ్యాను హారను కొట్టుకుంటూ సందు దాటింది. బండివాడిని దాటుతూ కొర్రీ గారు కిటికీలోంచి తల బయటపెట్టి, “ఆగు బాబూ, కొట్టొద్దు, అది మాది!” అని కేకేశాడు. వాడు ఇంకా ఏమీ కొట్టడం లేదు, నిదానంగా బండి తోసుకుంటూ వస్తున్నాడు. ఎందుకైనా మంచిదని రెండు చేతులూ పైకెత్తాడు.

దుకాణంలో పెద్దాయన లేతు మీద గుడ్డ కప్పి దాని పక్కనే కూర్చుని ఉన్నాడు. ఇద్దరినీ చూసి, “ఎవరికి ఇస్తున్నాను?” అని అడిగాడు.

“నాకు” అంది భార్య.

“నాకు” అన్నాడు భర్త.

“తీర్పు నా పేరు మీద వచ్చింది” అని భార్య గుర్తు చేసింది. కొర్రీ గారు ఒప్పుకోక తప్పలేదు.

లేతును కదిలించడం వాళ్ళ వల్ల కాలేదు. వెనక వచ్చిన బండివాడే దయతలచి భుజం పెట్టాడు. ఈ ఇనుము తనకు దక్కనందుకు వాడికి బాధేమీ లేదు. “ఇలాంటివి విరగ్గొడితే రెండు రోజులు చేతులు జివ్వుమంటాయండీ, మీరే పట్టుకుపోండి” అన్నాడు. దారి పొడుగునా కొర్రీ గారు వ్యాను నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, ఆ ఇనప మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాడు. మలుపు తిరిగినప్పుడల్లా ఇద్దరూ కలిసి ఒరిగారు.

మధ్యాహ్నానికి షెడ్డులో మోటారు గుయ్యిమంది. మొదటి వంతు భార్యది. రెండో వంతూ ఆవిడదే. కొర్రీ గారు చీపురు పట్టుకుని పక్కన నిలబడి, పొట్టు ఊడుస్తూ, “ఇంకా ఎంతసేపు?” అని అడుగుతూనే ఉన్నాడు. “ఇదిగో అయిపోయింది” అని ఆవిడ అంటూనే ఉంది. ఆఖరికి ఆవిడ మంచినీళ్ళు తాగడానికి పక్కకు వెళ్ళినప్పుడు గభాల్న ఉలి అందుకున్నాడు.

సాయంత్రం ఆయన లోపలికి వచ్చి, ఒళ్ళంతా పొట్టుతో, రెండు చేతుల్లో ఏదో పెట్టుకుని అత్తగారి ముందు నిలబడ్డాడు. ఆవిడ దాన్ని తీసుకుని తిప్పి చూసింది. ఒక కొస లావు, ఒక కొస సన్నం, మధ్యలో నడుమో, మెడో తెలియని నొక్కొకటి. నున్నగా ఉంది. బుగ్గకు ఆనించుకుంటే వెచ్చగా ఉంది.

“చాలా బాగుంది నాయనా. ఏమిటిది?”

“ఏమో అత్తయ్యా” అన్నాడు కొర్రీ గారు, కళ్ళు మెరుస్తుండగా. “నాకూ తెలియదు. ఇంకొకటి చేసుకొస్తానుండండి.” అంటూనే పరిగెత్తాడు, షెడ్డులో భార్య మళ్ళీ మీట వేసిన చప్పుడు వినిపించి.